గంటన్నర మిక్స్ చేసి పెట్టారా? దాని మీద నలుగురి నోటా నిజం రాబట్టడం ఎలగ, ఇంకొకరి మిక్స్ విని నిజం చెప్పడం ఎలగ

పోయినేడు నా మొదటి పెద్ద మిక్స్ (పాటల్ని మధ్యలో ఆపకుండా ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి కలుపుతూ చేసే డీజే రికార్డింగ్) చేసాను. 94 నిమిషాలు, 31 ట్రాకులు, పాత తెలుగు పాటలు, రెగే, హిప్‌హాప్, హౌస్, డ్రమ్ అండ్ బేస్ లాంటి విదేశీ రకాలు, మధ్యలో మా ఊరి పండగలో ఫోన్‌తో రికార్డు చేసిన తప్పెటగుళ్లు, చేతికి దొరికిందల్లా వేసేసాను. రాత్రి పదకొండుకి మా వాట్సాప్ గ్రూపులో పడేసాను. నాలుగు నిమిషాల్లో పదకొండు నిప్పు ఎమోజీలు, ‘అదరగొట్టేసావ్ బావా’లు. 94 నిమిషాల సరుకు నాలుగు నిమిషాల్లో ఎవడు విన్నాడండీ.

రెండ్రోజులు పోయాక మా బావగారి దగ్గర్నుంచి ఒక మెసేజ్ వచ్చింది. ఆయన విజయనగరం నుంచి శ్రీకాకుళం రోజూ బస్సులో డ్యూటీకి వెళ్తారు, పాటలు వింటారు తప్ప డీజే గొడవ ఏటీ తెలీదు. ‘రణస్థలం దాటాక ఇయర్‌ఫోన్ తీసేసానురా, ఎందుకో తెలీదు’ అని రాసారు, అంతే. నేను కూర్చుని లెక్కేసుకున్నాను, ఆర్టీసీ కాంప్లెక్స్‌లో బస్సెక్కి ప్లే నొక్కితే రణస్థలం వచ్చేసరికి దగ్గర దగ్గర 50వ నిమిషం. అక్కడికెళ్లి విన్నాను. రెండు పాటల బేస్ (దిగువ స్థాయి బరువైన శబ్దం) ఒకదాని మీద ఒకటి పడి నిమిషం పైగా కుమ్ముకుంటున్నాయి, నేను చేసినప్పుడు అది నాకు వినపడనేలేదు. పదకొండు నిప్పులు చెప్పనిది ఆ ఒక్క బస్సు స్టాపు చెప్పింది.

అందుకే ఇది రాస్తున్నాను. మిక్స్ చేయడం నేర్పే వీడియోలు బోల్డున్నాయి, చేసాక ఏం చేయాలో చెప్పేవాళ్లే తక్కువ. నేను చెప్పేది ఒకటే, పెద్ద మిక్స్ మీద మాటంటే అందులో నిమిషం నంబర్ ఉండాలి. నంబర్ లేని పొగడ్తతో పని జరగదు, నంబర్ లేని తిట్టుతోనూ జరగదు.

మొదటి మెట్టు: ఇది ఎక్కడ వినడానికో ఒక్క లైను రాసుకోండి

అమ్మవారి పండగకి డీజే బండి మీద వేసే సెట్ వేరు, బస్సులో ఒక్కడే ఇయర్‌ఫోన్ పెట్టుకుని వినేది వేరు. బండి మీద జనం ముందుంటారు, వాళ్లు ఆగిపోతే వెంటనే కనపడిపోతుంది, పాట మార్చేస్తారు. నిజం చెప్పాలంటే ఆ బండి డీజేల పనితనం చూసి మనం నేర్చుకోవాల్సింది చాలా ఉంది, వీధి మలుపు తిరిగేలోపు జనం మూడ్ పట్టేస్తారు. (రాత్రి పది తర్వాత కూడా బాక్సులు మోగించడం మాత్రం నేను సమర్థించను, 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల్లోనే రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా లౌడ్‌స్పీకర్ వద్దని ఉంది, ఇంట్లో ముసలాళ్లున్నోళ్లకి తెలుస్తుంది ఆ బాధ.) ఇయర్‌ఫోన్ మిక్స్‌కి ఆ జనం ఉండరు. వినేవాడు విసుగెత్తితే చెప్పడు, తీసేస్తాడు.

కాబట్టి ఒక లైను. నాదైతే ‘విజయనగరం నుంచి శ్రీకాకుళం బస్సులో సాయంత్రం వినడానికి, డాన్స్‌కి కాదు’. ఈ లైను ఫైలుతో పాటే పంపాలి. లేకపోతే ఒకడు ‘డ్రాప్ (బేస్ ఒక్కసారిగా విరుచుకుపడే చోటు) ఏది బావా’ అంటాడు, ఇంకొకడు ‘నిద్రపట్టలేదు’ అంటాడు, ఇద్దరూ వేరే మిక్స్ గురించి మాట్లాడుతున్నట్టు ఉంటుంది.

రెండో మెట్టు: ఎవరికీ పంపకుండా మూడ్రోజులు పక్కన పెట్టండి

చేసిన రాత్రి మన చెవి అబద్ధం చెప్తుంది. మూడ్రోజులాగి మూడు చోట్ల వినండి. ఒకటి మంచి హెడ్‌ఫోన్, రెండు బస్సు, మూడు వంటింట్లో పెట్టిన చిన్న బ్లూటూత్ స్పీకర్. బస్సులో ఇంజన్ మోత కింది శబ్దాల్ని మింగేస్తుంది, అందుకని మీరు ఎంతో ముచ్చటపడి చేసిన మెల్లని బేస్ సాగదీత అక్కడ ఖాళీ జాగాలా వినపడుతుంది. చిన్న స్పీకర్లో బేస్ దాదాపు రాదు, గొంతు, మేళం మాత్రమే మిగుల్తాయి, అలాగ విన్నా పాట నిలబడిందంటే మిక్స్ నిలబడినట్టే. మా అమ్మ వంట చేస్తూ ‘ఇదేట్రా రెండు రేడియోలు పెట్టినట్టుంది’ అంది ఒకచోట. రెండు గొంతులు ఒకేసారి పాడుతున్నాయి అక్కడ. అంతకంటే మంచి ఫీడ్‌బ్యాక్ నాకు డబ్బులిచ్చినా రాదు.

వింటున్నప్పుడు ఆపకండి, వెనక్కి తిప్పకండి. అనుమానం వచ్చిన చోట నిమిషం మాత్రం కాగితం మీద వేసుకోండి.

మూడో మెట్టు: ఇతరులకి చెప్పే అవకాశం ఇవ్వకూడని తప్పులు

కొన్ని తప్పులుంటాయి, వాటి గురించి స్నేహితుల చేత చెప్పించుకోవడం వాళ్ల టైమ్ పాడుచేయడమే. వాటిని మనమే సర్దుకుని పంపాలి.

సౌండు లెవెల్. పాత పాట రికార్డింగ్ మెల్లగా ఉంటుంది, ఈ మధ్య పాట గోడలాగ గట్టిగా ఉంటుంది. పాత పాట నుంచి కొత్త పాటకి వెళ్లేటప్పుడు గెయిన్ (ట్రాక్ ఎంత గట్టిగా లోపలికి రావాలో సర్దే బటన్) తగ్గించకపోతే బస్సులో వాడి చెవి పగుల్తుంది. ఫేడర్ (మిక్స్ చేస్తూ జరిపే సౌండు మీట) సంగతి తర్వాత, ముందు ప్రతి ట్రాక్ గెయిన్ సమానం చేసుకోవాలి. మీటర్ ఎర్రగా వెలిగిందా, ఆ శబ్దం చిరిగిపోయినట్టే, రికార్డయ్యాక దాన్ని కుట్టలేం. అందుకే రికార్డింగ్ పైన కాస్త ఖాళీ ఉంచి, అతి పెద్ద దెబ్బ కూడా మైనస్ 6 డెసిబెల్స్ దగ్గర ఆగేలా చేసుకుని, చివర్లో మొత్తం ఒకేసారి పెంచుకోండి.

బేస్. రెండు కిక్ డ్రమ్ములు (కాలితో కొట్టే పెద్ద డ్రమ్ము), రెండు బేస్ గిటార్లు ఒకేసారి మోగకూడదు. కొత్త పాట తెస్తున్నప్పుడు దాని ‘లో’ (బేస్) బటన్ కిందకి తిప్పేసి ఉంచండి, మార్చాల్సిన దెబ్బ దగ్గర ఒకటి తగ్గించి ఒకటి పెంచండి. నా 50వ నిమిషం జబ్బు ఇదే.

రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ లోపల్నుంచే చేయండి, స్పీకర్ ముందు ఫోన్ పెట్టి కాదు. డబ్బుల్లేవు అనుకుంటే మిక్స్ (Mixxx, చివర్లో మూడు ఎక్స్‌లు ఉంటాయి) అని ఉచితంగా దొరికే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ ఉంది, రికార్డింగ్ దాంట్లోనే ఉంది. ముందూ వెనకా ఉన్న ఖాళీ కోసుకోడానికి ఆడాసిటీ అనే సాఫ్ట్‌వేర్ చాలు, అదీ ఉచితమే.

నాలుగో మెట్టు: వేగాల మ్యాపు గీయండి, ముఖ్యంగా మన తీన్‌మార్ దగ్గర

పలు రకాల పాటలు కలిపే మిక్స్‌లో నూటికి తొంభై తడబాట్లు వేగం మారే చోటే వస్తాయి. ఒక కాగితం మీద అడ్డంగా నిమిషాలు, నిలువుగా బీపీఎం (నిమిషానికి ఎన్ని దెబ్బలో) పెట్టి గీత గీయండి. హిప్‌హాప్ 85 నుంచి 95 మధ్య ఉంటుంది, హౌస్ 120 నుంచి 128, డబ్‌స్టెప్ 140, డ్రమ్ అండ్ బేస్ 174 చుట్టూ. చూడ్డానికి 90కీ 174కీ ఆకాశమంత దూరం, కానీ 174లో సగం 87. హిప్‌హాప్ పాట 92లో ఉంటే దాన్ని రెండు పాటల మీదుగా 87కి దించండి, అప్పుడు డ్రమ్ అండ్ బేస్ దాని మీద రెట్టింపు నడకలో కూర్చుంటుంది, వినేవాడికి కాలు మారినట్టు కూడా అనిపించదు. కీ లాక్ (వేగం మార్చినా శ్రుతి మారకుండా ఉంచే బటన్) లేకుండా వేగం 6 శాతం మారిస్తే శ్రుతి దాదాపు ఒక స్వరస్థానం జరిగిపోతుందని గుర్తుంచుకోండి. లాక్ వేస్తే శ్రుతి జరగదు గానీ మరీ లాగితే గొంతు గరగరమంటుంది.

ఇప్పుడు అసలు తలనొప్పి. మన మాస్ పాటల్లో బోలెడు తీన్‌మార్ నడకలో ఉంటాయి, సంగీతం భాషలో తిశ్రం, ఒక్కో పెద్ద దెబ్బలో మూడు చిన్న దెబ్బలు. హౌస్, హిప్‌హాప్ చతురశ్రం, దెబ్బకి నాలుగు ముక్కలు. సాఫ్ట్‌వేర్‌కి ఈ తేడా సరిగ్గా తెలీదు. నిమిషానికి 120 పెద్ద దెబ్బలున్న తీన్‌మార్ పాటలో చిన్న దెబ్బలు 360. వాటిని అది రెండేసి చొప్పున కట్టలు కడితే 180 అని చూపిస్తుంది, నాలుగేసి కడితే 90 అని చూపిస్తుంది. మీరు స్క్రీన్ మీద 90 చూసి ‘ఆహా హిప్‌హాప్ పక్కన సరిగ్గా సరిపోయింది’ అనుకుని సింక్ (రెండు పాటల వేగం కలిపే బటన్) నొక్కారంటే ఇంక వినేవాడికి కాలు ఎక్కడ వేయాలో తెలీదు. స్క్రీన్ని నమ్మకండి, కాలితో తాళం వేస్తూ ట్యాప్ బటన్ కొట్టి పెద్ద దెబ్బ పట్టుకోండి. 120 తీన్‌మార్ మీద 120 హౌస్ కిక్ వేసి చూడండి, పెద్ద దెబ్బలు ఒకటే కాబట్టి అద్భుతంగా కూర్చుంటుంది. లోపలి ముక్కలు మాత్రం మూడూ నాలుగూ గీసుకుంటాయి, అందుకని ఒకదాని ‘హై’ (సన్నని పై శబ్దాలు) తగ్గించి 8 లేదా 16 దెబ్బల్లో పని ముగించేయండి.

విజయనగరం వాళ్లం కాబట్టి ఒక మాట చెప్పకుండా ఉండలేను. ఇక్కడి సంగీత కళాశాల 1919లో మొదలైంది, దానికి మొదటి ప్రిన్సిపాల్ ఆదిభట్ల నారాయణదాసుగారు. ఆయన రెండు చేతులతో రెండు తాళాలు, రెండు కాళ్లతో రెండు, తలతో ఒకటి, అయిదు తాళాలు ఒకేసారి నడిపేవారని పెద్దలు చెప్పుకుంటారు, పంచముఖీ పరమేశ్వర అన్నారు ఆయన్ని. మనం రెండు డెక్కులకే (పాటలు పెట్టే ప్లేయర్లు) చెమటలు పట్టించుకుంటున్నాం.

పాత పాటలతో ఇంకో ఇబ్బంది. వాటిల్లో చాలావరకు ఆర్కెస్ట్రా మొత్తం కూర్చుని ఒకేసారి వాయించినవి, కంప్యూటర్ క్లిక్ లేదు, చరణంలోకి వచ్చేసరికి వేగం కాస్త జరుగుతుంది. గ్రిడ్ (సాఫ్ట్‌వేర్ గీసే సమాన దెబ్బల గీతలు) మీద పెట్టి నిమిషం పాటు కలిపి ఉంచితే విడిపోయి తీరుతుంది. వాటిని చిన్న లూప్ (ఒకే ముక్క మళ్లీ మళ్లీ మోగేలా) కట్టి కలపండి, లేదా పల్లవి చివర వదిలేసి ఎకో మీద ముగించి కొత్త పాట ఎత్తుకోండి. తప్పెటగుళ్లు, డప్పు లాంటి రికార్డింగులు అయితే అసలు కలపడానికే చూడకండి. గుండెల మీద తప్పెట కట్టుకుని గుండ్రంగా తిరుగుతూ వాయించేవాళ్లు పోనుపోను వేగం పెంచుతారు, అదే దాని అందం. దాన్ని ఒక దీవిలాగ ఒంటరిగా నిమిషం ఉంచి, ముక్తాయింపు పడ్డ ఆఖరి దెబ్బ మీద తర్వాతి ట్రాక్ మొదటి దెబ్బ వేయండి. నేను మూడు వారాలు దాన్ని హౌస్‌తో అతికించాలని కొట్టుకున్నాను, చివరికి ముక్తాయింపే దారి అని తెలిసింది. ఇంకోటి, అలాంటి రికార్డింగ్ వాడితే ఆ బృందాన్ని అడగండి, ఊరి పేరుతో సహా ట్రాక్‌లిస్టులో రాయండి. సినిమా పాటకి సంగీత దర్శకుడి పేరు రాసి వీళ్లని ‘జానపదం’ అని వదిలేయడం నాకు నచ్చదు.

అయిదో మెట్టు: ట్రాక్‌లిస్టు, నిమిషాలతో

పేరు, పాడినవాళ్లు, చేసినవాళ్లు, మొదలయ్యే నిమిషం. రీమిక్స్ అయితే ఎవరిదో. కొందరు ట్రాక్ పేర్లు దాచేస్తారు, ‘నా రహస్యం’ అని. పెద్ద డీజేలకి ఏదో కారణం ఉంటుందేమో గానీ మనకెందుకండీ ఆ బడాయి. పైగా నిమిషాలుంటేనే అవతలోడు ‘ఆ పాట నుంచి ఈ పాటకి మారేచోట’ అని వేలుపెట్టి చూపించగలడు. యూట్యూబ్‌లో పెడితే డిస్క్రిప్షన్లో 00:00తో మొదలుపెట్టి కనీసం మూడు టైములు, ఒక్కో ముక్క 10 సెకన్లకి తగ్గకుండా, వరసగా రాస్తే అవే చాప్టర్లు అయిపోతాయి.

ఆరో మెట్టు: ఎక్కడ పెట్టాలి

320 కేబీపీఎస్ ఎంపీ3 అంటే నిమిషానికి 2.4 ఎంబీ, గంటన్నరకి 216 ఎంబీ. రోజుకి ఒకటిన్నర జీబీ ప్యాక్ ఉన్నోడికి అందులో ఏడో వంతు. 192లో ఇస్తే 130 ఎంబీలో అయిపోతుంది, బస్సులో వినేవాడికి తేడా తెలీదు. వేవ్ ఫైలు (కుదించని అసలు రికార్డింగ్) మాత్రం మీ దగ్గరే ఉంచుకోండి, అది 950 ఎంబీ దాకా వస్తుంది, ఎవరికీ పంపకండి.

వాట్సాప్‌లో డాక్యుమెంట్‌గా పంపండి, 2 జీబీ దాకా వెళ్తుంది. డ్రైవ్ లింక్ అయితే ‘లింక్ ఉన్న ఎవరైనా’ అని మార్చారో లేదో ఇంకో ఫోన్లో తెరిచి చూసుకోండి. నేను ఒకసారి మర్చిపోయి రెండ్రోజులు ‘ఎవడూ వినట్లేదు’ అని అలిగి కూర్చున్నాను, ఇరవై పర్మిషన్ రిక్వెస్టులు మెయిల్లో పడున్నాయి. యూట్యూబ్‌లో ఫోన్ నంబర్ వెరిఫై చేయకపోతే 15 నిమిషాలు దాటిన వీడియో ఎక్కదు, ఎక్కినా కంటెంట్ ఐడీ (హక్కులున్న పాటల్ని వెతికే యూట్యూబ్ వ్యవస్థ) పాటల్ని పట్టేస్తుంది, క్లెయిమ్ పడొచ్చు, కొన్నిచోట్ల బ్లాక్ అయిపోవచ్చు. సౌండ్‌క్లౌడ్‌లో కూడా హక్కుల పేరుతో తీసేయడం మామూలే. మిక్స్‌క్లౌడ్ అనే సైటు ఇలాంటి పెద్ద మిక్సుల కోసమే కట్టింది, హక్కుల ఒప్పందాలు వాళ్లే చూసుకుంటారు, కాబట్టి అందరికీ చూపించే మిక్స్ అక్కడ పెట్టడం నయం. మొదట అభిప్రాయం అడిగే దశలో మాత్రం నలుగురికే పంపాలి కదా, అప్పుడు ఫైలే మేలు.

ఏడో మెట్టు: ఎవర్ని అడగాలి, ఏమని అడగాలి

గ్రూపులో పడేయకండి. గ్రూపులో మొదటివాడు ‘సూపర్’ అన్నాక రెండోవాడు వేరే మాట అనడు, అంటే వాడికి అసూయ అని మూడోవాడు అంటాడు. విడివిడిగా నలుగురికి పంపండి. ఒకరు మిక్స్ చేసేవాళ్లు, ఒకరు పాటల పిచ్చోళ్లు, ఒకరు మా బావగారిలాంటి మామూలు మనిషి, ఒకరు మీరంటే అంత ఇష్టం లేనివాళ్లు. ఆఖరివాళ్లు దొరకడం కష్టం కాదు.

‘ఎలగుంది’ అని అడగొద్దు. దానికి మన వైపు ఒకటే జవాబు, ‘బాగుంది’, మర్యాద అలాంటిది మరి. భోజనానికి పిలిచి కూర ఎలగుంది అంటే ఎవడు బాలేదంటాడు. నేను ఇప్పుడు మూడే ప్రశ్నలు పంపుతున్నాను:

వింటూ వింటూ ఏ నిమిషంలో ఫోన్ వేరే పనికి తీసారు?
ఏ పాట నుంచి ఏ పాటకి మారినప్పుడు ‘ఇదేటి’ అనిపించింది?
ఒక్క పాట తీసేయమంటే ఏది తీసేస్తారు?

మూడో ప్రశ్నకి అందరూ జవాబిస్తారు, ఎందుకంటే అది తప్పు పట్టడంలా ఉండదు, ఆట లాగ ఉంటుంది. వినడానికి రెండు వారాలివ్వండి, మధ్యలో ‘విన్నావా విన్నావా’ అని ప్రాణం తీయకండి. పంపేటప్పుడు ‘34వ నిమిషంలో కొంచెం తేడా కొట్టింది, పట్టించుకోకు’ అని ముందే చెప్పకండి, అప్పుడు వాడికి 34 తప్ప ఇంకేదీ వినపడదు.

ఎనిమిదో మెట్టు: ఇప్పుడు మీ వంతు, ఇంకొకరి మిక్స్ మీద మాట చెప్పడం

ఇది పెద్ద పని, తొందరపడకండి. పూర్తిగా రెండుసార్లు వినాలి, లేకపోతే ‘మొదటి 20 నిమిషాలే విన్నాను’ అని చెప్పేయండి, అందులో తప్పులేదు, వినకుండా మొత్తం మీద తీర్పు ఇవ్వడమే తప్పు.

మొదటిసారి మామూలు మనిషిలా వినండి. బట్టలు మడతపెడుతూనో, బండి తుడుస్తూనో. చెవి లేచి నిలబడ్డ చోట, మనసు పక్కకి పోయిన చోట నిమిషం గీసుకోండి, కారణం రాయొద్దు. రెండోసారి ఆ నంబర్ల దగ్గరకి రెండు నిమిషాలు ముందుగా వెళ్లి వినండి. విసుగు పుట్టిన చోట తప్పు ఉండదు చాలాసార్లు, దానికి ముందే ఉంటుంది. 40వ నిమిషంలో విసుగొచ్చిందంటే 28 నుంచి 40 దాకా ఒకే ఎత్తులో నడిచిందేమో చూడాలి.

రాసేటప్పుడు నంబర్, ఏం వినపడింది, నాకేమైంది, నాకు తోచిన కారణం, ఈ వరసలో రాయండి. కారణం ఆఖర్న, అదీ అనుమానంగా. మొన్న రాజాం తమ్ముడొకడు 2 గంటల 5 నిమిషాల మిక్స్ పంపాడు, వాడికి రాసిన దాంట్లోంచి కొన్ని ముక్కలు వాడి పర్మిషన్‌తో పెడుతున్నాను:

‘00:00 నుంచి 07:20, ఎత్తుగడ బాగుంది రా. వాన చప్పుడు మీద వీణ, తర్వాత మెల్లగా రెగే. ఏం రాబోతోందో తెలీలేదు, అదే నన్ను కూర్చోబెట్టింది.

19:45, ఆడగొంతు పాడుతుండగానే ర్యాప్ మొదలైంది. ఇద్దరి మాటలూ అర్థం కాలేదు. పల్లవి అయిపోయాక ఉన్న వాద్యాల ముక్కలో తెచ్చి ఉంటే సరిపోయేదేమో.

31:10, జముకు మోత నుంచి డబ్‌స్టెప్ బేస్‌లోకి వెళ్లావు చూడు, లేచి నిలబడ్డాను. జముకులో తీగ లాగి వదిలితే శ్రుతి వంగుతుంది కదా, ఆ బేస్ కూడా అలాగే వంగుతుంది, రెండూ అన్నదమ్ముల్లా ఉన్నాయి. మిగతా మిక్స్ అంతా ఈ తెలివితో ఉండాలి.

52:00 నుంచి 1:14:00, టెక్నో. నాకు టెక్నో పెద్దగా పడదు, ఈ మాట ఆ లెక్కలో తీసుకో. కానీ 22 నిమిషాలు ఒకే 130లో, ఒకే ఎత్తులో నడిచింది, రెండుసార్లు విన్నా రెండుసార్లూ 1:03 దగ్గరే నా చెయ్యి ఫోన్ మీదకి వెళ్లింది.

1:36:30, శ్రుతి గీసుకుంది. సాఫ్ట్‌వేర్లో రెండిటికీ ఒకే నంబర్ చూపించి ఉంటుంది, చెవికి మాత్రం సన్నాయి పైకి, సింథ్ (ఎలక్ట్రానిక్ కీబోర్డు) కిందకి లాగుతున్నాయి.’

ఈ ఆఖరి దాని గురించి కొంచెం. క్యామెలాట్ చక్రం అని 1 నుంచి 12 నంబర్లు, పక్కన ఏ, బీ అక్షరాలతో ఒక లెక్క ఉంది, పక్కపక్క నంబర్ల పాటలు శ్రుతి కలుస్తాయని. మంచి లెక్కే, కానీ దానికి తెలిసింది పాశ్చాత్య సంగీతంలోని మేజర్, మైనర్ అనే రెండు స్వరవరసలే. రాగం మీద కట్టిన పాటలో వేసే స్వరాలు, వదిలేసే స్వరాలు, గమకం దానికి తెలీదు. అందుకని మన పాట పక్కన వేరే దేశం ట్రాక్ పెట్టేటప్పుడు నంబర్ కంటే చెవిని నమ్మండి, ఇద్దరి షడ్జం ఎక్కడుందో పాడుకుని చూడండి.

మళ్లీ విషయానికి. పలు రకాలు కలిపిన మిక్స్ విమర్శించేటప్పుడు నేను ముఖ్యంగా వెతికేది దారం. ఒక రకం నుంచి ఇంకో రకానికి దూకినప్పుడు ఏదో ఒకటి చెయ్యి పట్టుకుని తీసుకెళ్లాలి, దరువో, శ్రుతో, ఒక వాద్యమో, ఆఖరికి పాటలో ఒక మాటో. 1973 ఆగస్టు 11న న్యూయార్క్ బ్రాంక్స్‌లో కూల్ హెర్క్ అనే డీజే చేసిన పార్టీని హిప్‌హాప్ పుట్టుక అని లెక్కేస్తారు. ఆయన చేసింది ఏటంటే పాటల్లో డ్రమ్స్ ఒంటరిగా మోగే ముక్కని పట్టుకుని, అదే రికార్డు రెండు కాపీలు రెండు ప్లేయర్ల మీద పెట్టి, ఆ ముక్కనే మార్చి మార్చి సాగదీయడం. ఆ డ్రమ్స్ ముక్క ఇప్పటికీ ఏ రకం నుంచి ఏ రకానికైనా వంతెన అవుతుంది, ఎందుకంటే అందులో శ్రుతి లేదు, భాష లేదు. మిక్స్‌లో ఎక్కడ దూకింది బాలేదనిపించినా ముందు ఇది అడగండి, ఇక్కడ దారం ఏది? దారం లేదు, కానీ కావాలనే తెంపాడు అనిపిస్తే అదీ రాయండి, కొన్నిసార్లు ఠక్కున తెంపడమే బాగుంటుంది. ఇలాంటివి గుర్తుపట్టడానికి చెవి కావాలంటే బీబీసీ రేడియో 1లో 1993 నుంచి రెండు గంటల మిక్స్ కార్యక్రమం ఒకటి వస్తోంది, అలాంటివి పది వినండి, ఎక్కడ ఎత్తు, ఎక్కడ పల్లం, ఎన్నో నిమిషంలో ఊపిరి తీసుకోనిచ్చారో గీసుకోండి.

తప్పు వేరు, ఇష్టం వేరు. బేస్ కుమ్ముకోవడం తప్పు. డ్రమ్ అండ్ బేస్ ఉండటం మీకు నచ్చకపోవడం మీ ఇష్టం. ‘ఈ పాట బదులు ఆ పాట వేయాల్సింది’ అనేది మీరు చేయబోయే మిక్స్, వాడిది కాదు.

తొమ్మిదో మెట్టు: మాటలు పడ్డాక

ఒక పూట జవాబివ్వకండి. ‘అక్కడ అలాగెందుకు చేసానంటే’ అని మొదలెట్టారో, ఇంక ఆ మనిషి జీవితంలో మీకు నిజం చెప్పడు. ‘థాంక్స్, చూస్తాను’ చాలు.

నలుగురి నంబర్లూ మీ వేగాల మ్యాపు మీద చుక్కలు పెట్టండి. ముగ్గురు ఒకే చోట చుక్క పెట్టారంటే అక్కడ జబ్బు ఉంది, వాళ్లు చెప్పిన మందు మాత్రం ముగ్గురిదీ మూడు రకాలుగా ఉంటుంది, మందు మీరే చూసుకోండి. ఒక్కడే పెట్టిన చుక్కని కొట్టేయకండి, ఇంకోసారి వినండి. నాకు 50వ నిమిషం దగ్గర ఒక్క బావగారి చుక్కే ఉంది, మిగతా ముగ్గురూ అక్కడ ఏమీ అనలేదు, కానీ తప్పు నిజమే.

ఇప్పుడు బాగుచేయడం. మిక్స్ ఒకే ఊపులో చేసిందైతే మధ్యలో ముక్క కోసి కొత్త ముక్క అతికించొచ్చు, ఆడాసిటీలో ఒక ట్రాక్ మధ్యలో రెండు ముక్కల్నీ కలపండి, మారే చోట కలపకండి, అతుకు వినపడదు. అలా అతికించినప్పుడు ‘ఒకే టేక్’ అని రాసుకోవద్దు, అంతే. అతుకులు మూడు దాటితే మాత్రం మొత్తం మళ్లీ చేయడమే నయం, వేళ్లకి అలవాటయిపోయి ఉంటుంది, రెండోసారి సగం టైమ్ కూడా పట్టదు. ఫైలు పేరులో తేదీ పెట్టండి. ‘ఫైనల్’, ‘ఫైనల్ కొత్తది’, ‘ఫైనల్ ఇదే’ అని నా ల్యాప్‌టాప్‌లో ఇప్పటికీ ఆరున్నాయి, ఏది ఏదో దేవుడికే తెలియాలి.

రెండో వెర్షన్ మొదట విన్నవాళ్లలో ఒకరికి, అసలు వినని ఒకరికి పంపండి. పాతవాళ్లు బాగుపడిందో లేదో చెప్తారు, కొత్తవాళ్లు కొత్త జబ్బు చెప్తారు. నేను బావగారికీ, పలాసలో ఉన్న మా మావయ్య కొడుక్కీ పంపాను. వాడి దగ్గర్నుంచి ఇంకా ఉలుకూ పలుకూ లేదు. బావగారు మాత్రం మర్నాడు సాయంత్రమే మెసేజ్ పెట్టారు: ‘రణస్థలం బాగానే దాటేసావురా. ఇప్పుడు చిలకపాలెం దగ్గర తగులుకున్నావు.’